బాత్రూమ్‌లో అద్దం బాక్సు ఊడి వాష్‌బేసిన్ పగిలింది, ఖర్చంతా మాదే అంటున్నారు ఓనరు గారు

పై_పోర్షన్ (పెదవాల్తేరు)

అందరికీ నమస్కారం. రూ.32,000 అడ్వాన్సులో రూ.28,000 ఎగిరిపోయేలా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

విశాఖలో ఇండిపెండెంట్ ఇల్లు. పై పోర్షన్‌లో మేము, కింద ఓనరు గారు వాళ్ళు. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. అద్దె రూ.16,000. 2021లో దిగాం. 11 నెలల అగ్రిమెంటు, అయిపోయినప్పుడల్లా తేదీలు మార్చి కొత్త స్టాంపు పేపరు మీద రాసుకుంటూ వస్తున్నాం. మా ఆయన ఉద్యోగం గాజువాక వైపు మారింది, రోజూ ఆ ట్రాఫిక్కులో పడి రాలేకపోతున్నారు. అందుకని వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తామని ముందే చెప్పేశాం.

బాత్రూమ్‌లో బేసిన్ పైన అద్దం తలుపున్న స్టీలు బాక్సు గోడకి బిగించి ఉంది. మేం దిగేటప్పటికే ఉంది, ఓనరు గారిదే. మొన్న ఆదివారం పొద్దున్న మా అబ్బాయి (ఏడో తరగతి) పేస్టు కోసం దాని తలుపు లాగాడు. బాక్సు బాక్సంతా ఊడి కింద పడింది. అద్దం ముక్కలైంది. బేసిన్ ముందు అంచు అరచేయంత పెచ్చు లేచిపోయింది, అక్కణ్ణుంచి నీళ్ళు పోయే కన్నం దాకా వెంట్రుక మందాన ఒక గీత. వెనక గోడకి మూడు టైల్స్ మూలలు ఎగిరాయి. పిల్లాడికి పాదం మీద గీరుకుపోయిందంతే, అదే పదివేలు.

ఓనరు అంకుల్ వచ్చి చూశారు, ఏమీ అనలేదు. సాయంత్రం కాగితం మీద లెక్క రాసి పంపించారు. కొత్త బేసిన్ రూ.6,500, అద్దం బాక్సు రూ.5,000, టైల్స్ కూలితో కలిపి రూ.14,000, ప్లంబరుకి రూ.2,500. మూడు టైల్స్‌కి పద్నాలుగు వేలేమిటి అంటే, ఆ డిజైను ఇప్పుడు రావడం లేదట, గోడంతా మార్చాలట. ఈ డబ్బు అడ్వాన్సులో పట్టుకుంటాను అన్నారు. అగ్రిమెంటులో 'ఇంటికి ఏ విధమైన నష్టం జరిగినా అద్దెదారే భరించవలెను' అని ఉందని చూపిస్తున్నారు. ఉంది, నేను సంతకం పెట్టాను కూడా.

వాళ్ళు పండక్కి అరిసెలు పంపే మనుషులు. గట్టిగా అడగడానికి నోరు రావడం లేదు, ఊరుకోవడానికి మనసొప్పడం లేదు. కావాలని చేసింది కాదు కదా, అలాంటిదానికి అద్దెకున్నవాళ్ళు ఎంతవరకు కట్టాలి?

కుర్రాడు_అక్కయ్యపాలెం

ఈ నెలా వచ్చే నెలా అద్దె ఆపేయండి అక్కా. అడ్వాన్సుకి చెల్లు. తర్వాత ఆయన్నే అడుక్కోమనండి.

సీతమ్మధార_ఓనర్ని

పైన తమ్ముడు చెప్పింది మాత్రం చేయకండమ్మా. అద్దె ఆపిన రోజు నుంచి బేసిన్ సంగతి పక్కకు పోతుంది, అద్దె ఎగ్గొట్టినవాళ్ళు మీరవుతారు. ఇప్పటిదాకా మీ వైపున్న న్యాయం కాస్తా అవతలికి వెళ్ళిపోతుంది.

నాకూ రెండు పోర్షన్లున్నాయి, అద్దెకిస్తాను. కాబట్టి ఓనర్ల వైపు మాట కూడా వినండి. పిల్లలు తలుపు పట్టుకుని వేలాడటం నేను కళ్ళారా చూశాను. మా పై పోర్షన్‌లో బాబు బీరువా తలుపు మీద ఊయలూగి బందులు ఊడదీశాడు. వాళ్ళమ్మ నాతో అన్నమాట ఏమిటో తెలుసా, 'అది ముందే లూజుగా ఉందండీ' అని.

ఇంకొకటి. 2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ చట్టం తెచ్చింది. దాని రెండో షెడ్యూలులో ఏ రిపేరు ఎవరిదో రాసి ఉంది. కుళాయిలు, వాటి వాషర్లు, వాష్‌బేసిన్, గీజరు, స్విచ్చులు, తలుపుల తాళాలు, కిటికీ అద్దాలు, దోమతెరలు అన్నీ అద్దెదారు ఖాతాలోనే. గోడలకి సున్నం, తలుపులకి కిటికీలకి రంగులు, పైపుల మార్పిడి, వైరింగు లాంటివి మావి. బేసిన్ మీ లెక్కలోకే వస్తుంది, అందులో అనుమానం లేదు.

అలాగని మూడు టైల్స్ ఎగిరితే గోడంతా పీకించడం నేనైతే చేయను. అది సందట్లో సడేమియా వ్యవహారం.

పై_పోర్షన్ (పెదవాల్తేరు)

మావాడు వేలాడలేదండీ. వాడి ఎత్తుకి ఆ తలుపు మొహానికి ఎదురుగా వస్తుంది, వేలాడాలంటే మోకాళ్ళు మడవాలి.

ముందే లూజుగా ఉందన్న మాట మీరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. నిరుడు వానాకాలంలో అంకుల్‌కి వాట్సాప్ చేశాను. గీజరు షాక్ కొడుతోంది, వంటింటి కుళాయి కారుతోంది, బాత్రూమ్‌లో అద్దం బాక్సు కొంచెం ఊగుతోంది, ఈ మూడూ ఒకే మెసేజ్‌లో. గీజరు మర్నాడే చేయించారు. కుళాయి మేమే మార్చుకున్నాం. బాక్సు గురించి 'ఓకే అమ్మా, చూద్దాం' అని వచ్చింది. మళ్ళీ నేనూ అడగలేదు, ఆయనా చూడలేదు. మెసేజ్ ఇంకా ఫోన్‌లో ఉంది.

మర_మేకు (పూర్ణా మార్కెట్)

మేడమ్, హార్డ్‌వేర్ షాపు మాది. చట్టాలు నాకు తెలీవు గానీ మీరంతా పిల్లాణ్ణీ ఓనర్నీ చూస్తున్నారు, మరల్ని (స్క్రూల్ని) ఎవరూ చూడటం లేదు ఏటండీ?

ఒక పని చెయ్యండి. బాక్సు గోడకి ఎన్ని మరల మీద ఉందో, ఇప్పుడు ఏ మర ఎక్కడుందో చూడండి. మర పూర్తిగా ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా గోడలోంచి బయటికి వచ్చేసిందంటే కన్నం పెద్దదైపోయిందని, లేదా బరువు ఎక్కువైందని. అలా కాకుండా మర సగం గోడలోనే ఉండి తల వైపు తెగిపోయిందంటే, ఆ తెగిన చోట టార్చి వేసి దగ్గరగా చూడండి. లోపల తెల్లగా మెరుస్తుంటే అది అప్పటికప్పుడు తెగింది, ఎవరో గట్టిగా లాగి ఉండొచ్చు. గోధుమరంగు పొడి అంచు నుంచి నడిమధ్య దాకా ఉండి, గోటితో గీకితే రాలుతోందంటే, అది ఏళ్ళ తరబడి తుప్పు తింటోంది. పట్టుకుని ఉన్నది నడుమ మిగిలిన కాస్త ఇనుమే. మీ అబ్బాయి కాకపోతే మీ ఇంటికొచ్చిన చుట్టం తీసినా ఊడేది.

కానీ ఫొటో ఈ రోజే తీయండి. బాత్రూమ్ తడికి, మీ వైపు ఉప్పుగాలికి, కొత్తగా తెగిన ఇనుము కూడా ఇట్టే ఎర్రబడుతుంది. ఆలస్యమైతే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అప్పుడు మీ మాట ఎవరూ నమ్మరు.

బీచ్ వైపు ఇళ్ళకి మామూలు ఇనుప మరలు అసలు వాడకూడదు. పైన జింకు పూత ఉంటుంది, అది పోయాక ఎంతో కాలం ఆగవు. స్టెయిన్‌లెస్‌లో 304 అయితే నయం, సముద్రానికి మరీ దగ్గరైతే 316. దానిలో మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుని తట్టుకుంటుంది. ధర ఎక్కువని ఎవరూ అడగరు. లాసన్స్ బే నుంచి వచ్చే కస్టమరు కూడా 'మామూలువే ఇవ్వవయ్యా' అంటారు.

బేసిన్ గీత సంగతి. కన్నానికి బిరడా పెట్టి నీళ్ళు నింపి, కింద పొడి పేపరు పరిచి రాత్రంతా వదిలేయండి. పేపరు తడిస్తే గీత అడుగు దాకా దిగిందని, బేసిన్ మార్చాల్సిందే. తడవకపోతే కొన్నాళ్ళు ఆగుతుంది గానీ ఎప్పటికైనా దిగుతుంది. అంచు పెచ్చు లేచినచోట చెయ్యి కోసుకుపోతుంది, అక్కడ వైట్ సిమెంటుతో అతుకులు పెట్టకండి, నిలవదు. మీరు వాడేది గోడకి తగిలించే మామూలు తెల్ల బేసిన్ అయితే రెండు వేలు రెండున్నర వేలకి మంచిదే వస్తుంది. ఆరున్నర వేలంటే ఆయన రాసింది పలక మీద పెట్టే రకం అయ్యుంటుంది.

పై_పోర్షన్ (పెదవాల్తేరు)

ఇప్పుడే టార్చి పట్టుకుని చూశాను. నాలుగు మరలు. కింద రెండూ ప్లగ్గులతో సహా ఊడి వచ్చాయి. పైన రెండూ గోడలోనే తెగి ఉన్నాయి. ఒకదాని మధ్యలో సూదిమొనంత మెరుపు ఉంది, చుట్టూ అంతా గోధుమరంగే. రెండోదాంట్లో ఆ మెరుపు కూడా లేదు. అగ్గిపుల్లతో పొడిస్తే ఇన్‌స్టంట్ కాఫీ పొడిలా రాలింది. ఫొటోలు తీశాను, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి మరీ.

బేసిన్ మామూలు తెల్లదే, గోడకి తగిలించినదే. రాత్రికి నీళ్ళు నింపి చూస్తాను.

సీతమ్మధార_ఓనర్ని

తుప్పు సరే. కానీ ఊగుతోందని నిరుటి నుంచి తెలిసి కూడా దాంట్లో సామాన్లు ఎందుకు పెట్టారమ్మా? నూనె సీసా, షాంపూ డబ్బా, ఏమేం ఉన్నాయో చెప్పండి ముందు. తెలిసి వాడితే కొంత మీ మీదకీ వస్తుంది. తిలా పాపం తలా పిడికెడు.

టైపు_మిషన్ (జిల్లా కోర్టు దగ్గర)

నేను లాయర్ని కాను. కోర్టు దగ్గర అగ్రిమెంట్లు టైపు చేసే షాపులో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. మీరు చెప్పిన ఆ వాక్యం మీ ఓనరు గారు రాసింది కాదండీ, మాలాంటి షాపుల కంప్యూటర్లలో ఉన్నదే. పేరు, ఇంటి నంబరు, అద్దె మార్చి ప్రింటు తీసేస్తాం. ఆయనా చదివి ఉండరు, మీరూ చదివి ఉండరు. అయినా సంతకం సంతకమే, దాన్ని కొట్టిపారేయలేం.

అసలు చట్టం ఏమంటుందో చెబుతాను. ఆస్తి బదిలీ చట్టం, 1882. దాంట్లో 108వ సెక్షన్‌లో ఓనరు చేయాల్సినవి, అద్దెదారు చేయాల్సినవి వరసగా ఉంటాయి. 'ఎం' క్లాజు మీకు కావలసినది. ఇల్లు ఎలా తీసుకున్నారో అలా అప్పగించాలి, కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని ప్రకృతి బలం వల్ల వచ్చిన మార్పు మినహాయింపు. అద్దెదారు గానీ అతని మనుషులు గానీ చేసిన పని వల్లో, చేయాల్సింది చేయకపోవడం వల్లో లోపం వస్తే, ఓనరు నోటీసు ఇచ్చాక మూడు నెలల్లోగా అద్దెదారు బాగు చేయించాలి. అంటే బాగు చేయించే అవకాశం ముందు మీకివ్వాలి. ఆయనే లెక్క రాసి ఆయనే పట్టుకోవడం కాదు.

అదే సెక్షన్‌లో 'ఎఫ్' క్లాజు ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరు, చెప్పినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తనే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. మీ వాట్సాప్ మెసేజ్ అందుకే విలువైనది. మీరు చెప్పారు, ఆయన చదివారు, 'చూద్దాం' అన్నారు.

అయితే ఈ సెక్షన్ మొదట్లోనే ఒక మాట ఉంది, వేరే ఒప్పందం లేనప్పుడే ఇవి వర్తిస్తాయని. మీకు ఒప్పందం ఉంది. అందుకే అంకుల్ ఆ వాక్యం చూపిస్తున్నారు. ఇక్కడ 1872 నాటి కాంట్రాక్టు చట్టం చూడాలి. ఒప్పందం తప్పితే నిజంగా జరిగిన నష్టానికి పరిహారం, అదీ సహేతుకంగా. పాత బేసిన్ పగిలితే పాత బేసిన్ విలువ నష్టం. దాని బదులు ఖరీదైన కొత్త రకం, పగలని టైల్స్ కూడా మార్చిన కొత్త గోడ, ఇవి నష్టం కిందికి రావు, ఇంటికి మెరుగులు. ఆ మెరుగులు మీరు గాజువాక వెళ్ళిపోయాక ఆయన దగ్గరే ఉంటాయి.

పైన ఓనరమ్మ గారు చెప్పిన షెడ్యూలు నిజమే. కానీ మోడల్ చట్టం అంటే రాష్ట్రాలకి ఇచ్చిన నమూనా. దాంట్లో కూడా అగ్రిమెంటులో వేరేలా రాసుకోకపోతేనే అని ఉంది. పైగా అది రోజువారీ వాడకంలో వచ్చే చిల్లర రిపేర్ల జాబితా. ఓనరు బిగించిన వస్తువు ఊడి ఇంకో వస్తువు మీద పడితే ఎవరిదో ఆ జాబితా చెప్పదు. మరొకటి, అదే జాబితా ప్రకారం గోడల సున్నం, తలుపుల రంగులు ఓనరువే. ఖాళీ చేసేటప్పుడు రంగులకని నెల అద్దె పట్టుకునే ఓనర్లు ఆ పేజీ చూపించరు.

కోర్టు దాకా వెళ్ళేంత డబ్బు కాదిది, వెళ్ళకండి. మాట తెగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, కేసు వేయకముందే ఇద్దర్నీ పిలిచి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌కి కోర్టు ఫీజు ఉండదు. కానీ కింద పైన ఉండే మనుషులు, ముందు టీ తాగుతూ మాట్లాడుకోండి.

హుద్‌హుద్_చూసినవాణ్ణి

ఆ బాక్సు ఎప్పటిదో ఓనరు గారిని అడిగారా? వయసు తేలితే లెక్క సగం తేలిపోతుంది.

2014 అక్టోబరు 12న మేము కిర్లంపూడిలో అద్దెకి ఉన్నాం. హుద్‌హుద్‌ తుఫాను గాలికి మా ముందుగది కిటికీ రెక్కలు ఫ్రేముతో సహా లోపలికి వచ్చిపడ్డాయి. అగ్రిమెంటులో ఇదే వాక్యం. మా ఓనరు గారు మాత్రం 'గాలికి మీరేం చేస్తారయ్యా' అని ఆయనే పెట్టించారు. గుమ్మం కర్టెన్లు, తడిసిన పరుపు మా నష్టం మేము పడ్డాం. ఆ రోజుల్లో ఊళ్ళో అద్దం పలకకి ఎంత చెబితే అంత, కోసేవాడు దొరికితే చాలన్నట్టుండేది.

పై_పోర్షన్ (పెదవాల్తేరు)

భలే గుర్తు చేశారు. ఇల్లు చూపించిన రోజు అంకుల్ గర్వంగా చెప్పారు, 'హుద్‌హుద్‌కి కాలనీ అంతా అద్దాలు పోయాయి, మా బాత్రూమ్‌లో అద్దం బాక్సు కూడా కదల్లేదు' అని. అంటే 2014కి ముందుదే కదా!

సీతమ్మధార ఆంటీ గారూ, దాంట్లో ఉన్నవి: పేస్టు, నాలుగు బ్రష్షులు, మా ఆయన షేవింగు సామాను, కొబ్బరినూనె చిన్న సీసా. షాంపూ కింద బకెట్ పక్కన ఉంటుంది. మీరన్న మాటలో న్యాయం ఉంది, ఊగుతున్నదాన్ని వాడకుండా ఉండాల్సింది. అందుకే అసలేమీ ఇవ్వను అనడం లేదు.

రాత్రి పేపరు తడిసింది. గీత అడుగుదాకా దిగింది.

మర_మేకు (పూర్ణా మార్కెట్)

అయితే బేసిన్ మార్చాలి. టైల్స్‌కి ఉపాయం చెబుతాను. గోడంతా పీకకుండా, బేసిన్ వెనక ఆ ఒక్క వరస తీయించి, వేరే రంగు టైల్ అడ్డంగా బోర్డరులా వేయించండి. కావాలని పెట్టించినట్టే ఉంటుంది. 12×18 అంగుళాల సైజు అయితే ఒక్క పెట్టె చాలు, మిగులుతాయి కూడా. టైల్స్ షాపుల్లో పాత స్టాకు మూల పడి ఉంటుంది, సగం ధరకి ఇస్తారు. మేస్త్రి ఒక పూట పని. ప్లంబరు వచ్చినప్పుడే బేసిన్ కింద నీళ్ళు పోయే బాటిల్ ట్రాపు, కప్లింగు కూడా చూడమనండి, పాతవి మళ్ళీ బిగిస్తే కారతాయి.

సీతమ్మధార_ఓనర్ని

ఆ ఉపాయం బాగుంది, నేనూ రాసుకున్నాను. ఫొటోలు పట్టుకుని వెళ్ళండమ్మా, కానీ ఆయన మొహం మీద పెట్టకండి. 'ఇవి చూశారా అంకుల్, పిల్లాడి పాదం మీద పడి ఉంటే ఎలా ఉండేదో' అనండి చాలు. వాళ్ళావిడ, ఆంటీ గారు ఇంట్లో ఉన్నప్పుడే వెళ్ళండి.

పై_పోర్షన్ (పెదవాల్తేరు)

తేలిపోయింది. చెప్పినట్టే ఆంటీ ఉన్నప్పుడు వెళ్ళాం. ఫొటో చూసి ముందు ఆవిడే అన్నారు, 'ఏవండీ, ఇదేంటి, పొడైపోయింది' అని. అంకుల్ కాసేపు కళ్ళజోడు సవరించుకున్నారు. వాట్సాప్ మెసేజ్ చూపించాల్సిన అవసరమే రాలేదు.

ఒప్పుకున్నది ఇదీ. అద్దం బాక్సు పూర్తిగా వాళ్ళదే. బేసిన్ పాతదాని రకమే, రూ.2,300కి వచ్చింది. దాన్నీ, ప్లంబరు కూలి రూ.900నీ చెరి సగం చేసుకున్నాం. బోర్డరు టైల్ పెట్టె వాళ్ళు కొన్నారు, మేస్త్రి కూలి రూ.1,000 మేమిచ్చాం. మొత్తం మీద మాకు రూ.2,600 అయింది. అడ్వాన్సు ముట్టుకోకుండా చేతికే ఇచ్చేశాను. 'బేసిన్, టైల్స్ లెక్క పూర్తయింది, అడ్వాన్సు రూ.32,000 ఖాళీ చేసిన రోజు ఇవ్వాలి' అని అంకుల్‌కి మెసేజ్ పెట్టాను, 'ఓకే అమ్మా' అని వచ్చింది. ఈసారి 'చూద్దాం' లేదు.

మర_మేకు గారూ, 304 మరలు తెమ్మని చెప్పాను. అంకుల్ మామూలువే తెచ్చారు.

టైపు_మిషన్ (జిల్లా కోర్టు దగ్గర)

సంతోషం. రంగుల మాట ఎత్తారా?

పై_పోర్షన్ (పెదవాల్తేరు)

నేను ఎత్తలేదు. మెట్లు ఎక్కుతుంటే ఆయనే వెనక నుంచి ఎత్తారు. అగ్రిమెంటు మొత్తం చదివాను, రంగుల గురించి ఒక్క ముక్క లేదు. ఆ షెడ్యూలు పేజీ ప్రింటు తీసి పెట్టుకున్నాను.